పచ్చజెండాల యాత్ర

వేమగుంటపాలెం నుంచి గుడ్ల చెంచయ్య సైకిలు యాత్ర బయలుదేరినన్ని సార్లు ఏ ఊరి నుంచీ ఏ యాత్రా బయలుదేరి ఉండదు. బయలుదేరిన ప్రతిసారీ మేళం మోగింది. మెడలో దండ పడింది. ఎవరో ఒక పెద్దమనిషి పచ్చజెండా ఊపాడు. చెంచయ్య తొక్కాడు. మునిసిపాలిటీ ఆఫీసు ముందు నుంచి ఊరి చివర ఆర్చి దాకా పోయి, అక్కడ సైకిలు తిప్పుకుని వెనక్కి వచ్చాడు.

ఇదంతా చెంచయ్య చేసిన ఒకే ఒక్క పొరపాటు వల్ల జరిగింది. పోయేముందు పెద్దలకి ఒక మాట చెప్పి పోదామనుకున్నాడు.

చెంచయ్య గుడ్ల వ్యాపారి. కోళ్లఫారాల దగ్గర గుడ్లు తెచ్చి, అట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి, సైకిలు క్యారియరుకి తాడేసి బిగించి, చుట్టుపక్కల ఊళ్లలో కొట్లకి వేస్తాడు. మీసాలు రాకముందు మొదలుపెట్టిన పని, జుట్టు నెరిసినా అదే పని. మాట తక్కువ మనిషి. కానీ పక్క ఊరికి పోయినా సరే, ఎదురింటివాళ్లకి చెప్పి, పక్కింటివాళ్లకి చెప్పి, వీధి చివర కుక్క కనబడితే దానివైపు కూడా ఒకసారి చూసి పోయే అలవాటు. చెప్పకుండా పోతే దొంగతనంగా పోయినట్టు ఉంటుందని అతని లెక్క.

అతని స్నేహితుడు బుడే సాహెబు దర్జీ. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పే మిషను మీద కుడతాడు. ఇంట్లోనూ వీధిలోనూ బేరింగులు బిగించిన చెక్క మీద కూర్చుని, చేతులతో నేలను తోసుకుంటూ తిరుగుతాడు. అతని కూతురు షమీమ్ ఇల్లు రైలుగేటు అవతల ఉంది. ఆ చెక్క గేటు దాటదు. బేరింగు పోయి పట్టాల సందులో కూర్చుంటుంది. అందుకని కూతురి దగ్గరికి పోవాలంటే చెంచయ్య సైకిలెక్కాల్సిందే.

"ఎప్పుడడిగినా కాదనవు బావా. దాంతోనే చచ్చింది నాకు" అనేవాడు బుడే సాహెబు. "కూతురింటికి పొయినోడికి ఒక కప్పు టీ తాగే హక్కు ఎట్లుంటదో, దాని మాటకి కోపమొచ్చి విసురుగా లేచొచ్చే హక్కు కూడా అట్టనే ఉండాలా లేదా? నేనేమో కోపమొచ్చినా నువ్వొచ్చిందాకా ఆడనే కూర్చోవాల. ఈలోపల కోపం చల్లారిపోద్ది. ఇంకో టీ ఇస్తది."

ఆ ఏడు ఒక సేవాసంఘం వాళ్లు ఒక ప్రకటన చేశారు. తూర్పు సముద్రం నుంచి పడమటి సముద్రం దాకా ఎవరైనా సైకిలు మీద పోతే, దారిలో తమ శాఖ ఉన్న ప్రతి ఊళ్లోనూ అతని పేరున ఒక మూడు చక్రాల బండి ఇస్తారట. నడవలేనివాళ్లు చేత్తో తొక్కుకునే బండి. ఆ బండ్లన్నీ అతని ఊరికే పంపుతారట. దేశంలో ఎక్కడ చూసినా జనం ఏదో ఒక మంచి పని పేరు చెప్పి సైకిళ్లెక్కుతున్న కాలం అది.

బుడే సాహెబు ఈ సంగతి విని కత్తెర కింద పెట్టాడు.

"బావా, నువ్వు తొక్కు. మొదటి బండి నాది. మిగతాయి ఊళ్లో ఎవరికి కావాలంటే వాళ్లకి."

"పడమటి సముద్రం యాడుందో నీకు తెలుసా?" అన్నాడు చెంచయ్య.

"గోవాలో. పొద్దుగూకే దిక్కుకి పో. నీళ్లు అడ్డమొచ్చిన కాడ ఆగు. ఆ నీళ్లు కూడా మన నీళ్లలాగే ఉప్పగుంటయ్యో లేదో చూసిరా. నాకు ఎప్పట్నించో అనుమానం."

చెంచయ్య కాసేపు ఆలోచించి సరేనన్నాడు. అతని భార్య కొండమ్మ కూడా అడ్డు చెప్పలేదు. "పోతే పో. పొయ్యి ఎవరితోనూ మాట్లాడబాక. ఈడెట్టాగూ మాట్లాడవు, ఆడ కొత్తగా నేర్చుకోబాక" అని చద్దికి సంచి కుట్టింది. చైను మార్చారు. కొత్త టైర్లు వేశారు. సముద్రపు ఒడ్డుకి పోయి చక్రాలు తడుపుకుని కూడా వచ్చాడు. ఇక తెల్లారితే బయలుదేరడమే.

ఆ సాయంత్రమే అతనికి ఆ బుద్ధి పుట్టింది. ఎదురింటివాళ్లకి చెప్పాడు. పక్కింటివాళ్లకి చెప్పాడు. ఇంత దూరం పోతూ మునిసిపాలిటీలో ఒక మాట చెప్పకపోతే ఏం బాగుంటుందనుకున్నాడు.

కమిషనరు విశ్వమూర్తి గారు ఆ ఊరికి కొత్త. వచ్చినప్పటినుంచీ ఏదైనా గొప్ప పని చెయ్యాలని ఆయనకి కాలూ చెయ్యీ ఆడడం లేదు. కాలవలు తీయించడం గొప్ప పని కాదు. కుళాయిలు బాగుచేయించడం అంతకంటే కాదు. అలా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న మనిషి ముందుకి చెంచయ్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రేపు పొద్దున సైకిలు మీద గోవా పోతన్నానయ్యా. ఒక మాట చెప్పి పోదామని."

విశ్వమూర్తి గారు కుర్చీలోంచి లేచారు.

"సముద్రం నుంచి సముద్రానికా? సేవా దృక్పథంతోనా? మన పట్టణం నుంచేనా?"

"మన ఊరి నుంచేనయ్యా."

"మరి నువ్వు ఊరికే ఎలా వెళ్లిపోతావయ్యా? పార్వతీశం గారూ, ఒకసారి రండి!"

పార్వతీశం గారు ఆఫీసు మేనేజరు. ఆ ఆఫీసులోకి కమిషనర్లు వస్తుంటారు, పోతుంటారు, ఆయన మాత్రం ఉంటారు. విషయమంతా విని కళ్లు మూసుకుని ఆలోచించారు.

"సదరు వ్యక్తి వెళ్లడానికి అభ్యంతరం ఏమీ లేదు సార్. కానీ ప్రారంభోత్సవం లేకుండా వెళితే అది యాత్ర కిందికి రాదు. కేవలం ప్రయాణం కిందికి వస్తుంది."

"రెంటికీ తేడా ఏందయ్యా?" అని అడిగాడు చెంచయ్య. ఆ సాయంత్రం ఆఫీసులో అతను తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న అదొక్కటే.

"ప్రయాణం నువ్వు చేస్తావు. యాత్ర మేము చేయిస్తాం" అన్నారు పార్వతీశం గారు.

మర్నాడు చెంచయ్యకి లుంగీ తీయించి తెల్ల ప్యాంటు తొడిగారు. తెల్ల బూట్లు, నెత్తిన టోపీ, కళ్లకి నల్లద్దాలు. కొండమ్మ గుంపులో నిలబడి తన మొగుడెక్కడున్నాడా అని వెతుక్కుంది. విశ్వమూర్తి గారు సేవ గురించి, సైకిలు గురించి, సముద్రాల గురించి మాట్లాడి పచ్చజెండా ఊపారు. చెంచయ్య కుడికాలు పెడలు మీద వేసి కదిలాడు. బజారు దాటాడు. దర్జీ కొట్టు అరుగు మీద నుంచి బుడే సాహెబు చెయ్యెత్తాడు. ఆర్చి దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి మోటారుసైకిలు మీద బంట్రోతు కేకలేసుకుంటూ వచ్చాడు.

"ఆగాగు! చైర్మన్ గారొచ్చారు. రమ్మంటున్నారు."

చైర్మన్ గారి మొహం ఎర్రగా ఉంది. "నేను స్నానం చేసొచ్చేలోపల జెండా ఊపేస్తారా? ఈ పట్టణానికి మొదటి పౌరుణ్ణి నేనా, కమిషనరా?"

"తమరే సార్" అన్నారు పార్వతీశం గారు. "ఇందాక ఊపినది పరిశీలన నిమిత్తం ఊపినట్టు భావిద్దాం. ఇప్పుడు తమరు ఊపండి."

"ఆయన పట్టుకున్న జెండా నేను పట్టుకోవాలా? ఎంగిలి జెండా నాకు ఇస్తారా?"

అందరికీ అది నిజమేననిపించింది. కొత్త జెండా కుట్టమని బుడే సాహెబుకి కబురు పోయింది. జెండా కుట్టేసరికి మంచి గడియ దాటిపోయింది. మర్నాడు పొద్దున చైర్మన్ గారు తన సొంత జెండా ఊపారు. చెంచయ్య మళ్లీ కదిలాడు. ఈసారి ఆర్చి దాటి మామిడితోట మలుపు కూడా తిరిగాడు. అక్కడికి జీపు వచ్చింది. ఎమ్మెల్యే గారు ఫోన్లో అరుస్తున్నారట, తనను పిలవకుండా నియోజకవర్గంలోంచి సైకిలు ఎలా బయటికి పోతుందని.

ఇంటికి వస్తే కొండమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏందయ్యా, అప్పుడే వచ్చావు? గోవా బాగుందా?"

చెంచయ్య టోపీ తీసి చిలక్కొయ్యకి తగిలించాడు.

ఎమ్మెల్యే గారు ఊపాక మాజీ ఎమ్మెల్యే గారికి కష్టమనిపించింది. ఆయన ఊపాక, వచ్చే ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్న ఆయనకి కష్టమనిపించింది. ఇలా కాదని విశ్వమూర్తి గారు సమావేశం పెట్టి ఒక తీర్మానం చేయించారు. పార్వతీశం గారు దాన్ని లేచి నిలబడి చదివారు.

"ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, యాత్రను ప్రారంభించుటకు అర్హతగల ప్రముఖులందరూ ప్రారంభించు వరకు సదరు యాత్ర ప్రారంభమైనట్లు పరిగణింపబడదు. ఏ ప్రముఖుడు ప్రారంభించినను అదియే మొదటి ప్రారంభమైనట్లు ఉండవలెను. ఒకరు ఊపిన జెండా వేరొకరు ఊపరాదు. ప్రారంభములు పూర్తి అగువరకు యాత్రికుడు పట్టణ పరిధి దాటరాదు. అతని ముఖమున అలసట గాని, ఇదివరకు బయలుదేరిన అనుభవము గాని కనపడరాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. చెంచయ్య కూడా కొట్టాడు, పక్కవాళ్లు కొడుతున్నారు కదా అని.

అక్కణ్ణుంచి ఆ ఊరికి అదొక వ్యవహారమైంది. ఆఫీసు ముందు వేసిన పందిరి ఎండకి ఎండుతోందని దాని స్థానంలో సిమెంటు వేదిక కట్టారు. వేదికకి కాపలా పెట్టారు. ఆఫీసులో నీటిపన్ను విభాగం పక్కన ఒక గది ఖాళీ చేయించి 'ప్రారంభ విభాగం' అని బోర్డు రాయించారు. బళ్లో పిల్లల్ని తెచ్చి రోడ్డుకి రెండు పక్కలా నిలబెట్టేవారు. మొదట్లో పిల్లలు చెంచయ్యని చూసి చేతులూపారు. తర్వాత తర్వాత అతను పోతుంటే తలెత్తకుండా ఎక్కాలు చదువుకునేవారు.

పెద్దపెద్దవాళ్ల వంతు అయ్యాక శాఖల వంతు వచ్చింది. వ్యవసాయశాఖ వాళ్లు వచ్చి ఊపారు. సైకిలు రోడ్డు మీద పోతుంది కాబట్టి రోడ్లశాఖ వాళ్లు వచ్చారు. చెట్ల కింద నుంచి పోతుంది కాబట్టి అటవీశాఖ వాళ్లు వచ్చారు. మనిషి గుడ్లవాడు కాబట్టి మొదటి హక్కు తమదేనని పశువైద్యశాఖ వాళ్లు గొడవపెట్టుకుని వచ్చారు. పశువుల డాక్టరు గారు జెండా ఊపుతూ అలవాటు కొద్దీ సైకిలు సీటు మీద తట్టి "హై" అన్నారు.

చెంచయ్య పొద్దుటిపూట బయలుదేరేవాడు. మధ్యాహ్నం గుడ్లు వేసేవాడు. ఎండకి గుడ్లు చెడిపోతున్నాయని కొట్లవాళ్లు గొణిగేవారు. "గోవా నించి ఎప్పుడొచ్చావు చెంచయ్యా?" అని నవ్వేవారు. అతను అట్టలు దించి తాడు చుట్టుకునేవాడు.

అందరికంటే బుడే సాహెబు పరిస్థితి చిత్రంగా తయారైంది. జెండాలన్నీ అతనే కుట్టాలి. కొట్టునిండా పచ్చగుడ్డ తానులు. జాకెట్లు ఇచ్చిన ఆడవాళ్లు వచ్చి పచ్చగుడ్డ తప్ప ఇంకేమీ కనబడక తిట్టుకుంటూ పోయేవారు.

"బాగుంది బావా నీ పని" అన్నాడు చెంచయ్య ఒకరోజు, అరుగు మీద కూర్చుని బూట్లలోంచి రాళ్లు దులుపుకుంటూ.

"బాగానే ఉంది. నువ్వు కదలకపోతే నాకు కూడు. నువ్వు కదిల్తే నాకు బండి. ఆ పైనున్నోడు నన్ను ఈ రెంటి మధ్యన కూర్చోబెట్టి నవ్వుతుండాడు" అన్నాడు బుడే సాహెబు, మిషను తిప్పుతూనే.

ఆ రోజుల్లోనే వేరే మునిసిపాలిటీల నుంచి కమిషనర్లు ఒక వ్యానులో వచ్చారు. ఇంత ఉత్సాహంగా ఏదో జరుగుతోందని విని చూసి నేర్చుకోవడానికి వచ్చారు. వేదిక చూశారు. విభాగం చూశారు. చెంచయ్య బయలుదేరడం చూశారు, తిరిగిరావడం చూశారు. వాళ్లలో ఒక కుర్రాయన, ఉద్యోగానికి కొత్త, ఒక ప్రశ్న వేశాడు.

"ఈ యాత్ర ఎక్కడ ముగుస్తుందండీ?"

విశ్వమూర్తి గారు పార్వతీశం గారి వైపు చూశారు.

"ముగింపు మా పరిధిలోకి రాదండీ. అది వేరే రాష్ట్రం" అన్నారు పార్వతీశం గారు.

కుర్రాయన ఆ మాట రాసుకున్నాడు. ఆ ఏడు వేమగుంటపాలేనికి 'ఉత్తమ ప్రారంభ పట్టణం' అని ఒక బహుమతి కూడా వచ్చింది. దాన్ని అందుకున్నందుకు మళ్లీ ఒకసారి జెండా ఊపారు.

వేసవి సగం గడిచిపోయింది. ఒకరోజు పొద్దున షమీమ్‌కి జ్వరమని బుడే సాహెబుకి కబురొచ్చింది. చెంచయ్య కోసం చూశాడు. ఆ పూట చెంచయ్యని ఎవరో సహకార సంఘం అధ్యక్షులవారు ప్రారంభిస్తున్నారు. ఉపన్యాసం పొడుగ్గా ఉంది. చూసి చూసి బుడే సాహెబు చెక్క మీద ఎక్కి తనే తోసుకుంటూ పోయాడు.

చెంచయ్య దండలు తీసేసి వచ్చేసరికి అతను కొట్లో ఉన్నాడు. అరచేతులు రెండూ చీరుకుపోయి ఉన్నాయి. మిషను తిప్పడం లేదు.

"ఏమైంది బావా?"

"ఏం కాలా. గేటు దాకా పొయ్యా. బేరింగు పట్టాల్లో ఇరుక్కుంది. రైలొచ్చే టైమంట. గేటు మనిషి పరుగెత్తుకొచ్చి ఎత్తి ఇవతల పెట్టాడు. మంచోడే పాపం." అరచేతులు చూసుకున్నాడు. "మూటని పెట్టినట్టు పెట్టాడు."

చెంచయ్య అరుగు దిగాడు. సైకిలు తిప్పి "ఎక్కు" అన్నాడు. షమీమ్ జ్వరం అప్పటికే తగ్గింది. టీ ఇచ్చింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే సేవాసంఘం వాళ్లు ఫోను చేశారు. వానలు పడేలోగా మనిషి రాకపోతే ఆ బండ్లు వేరే జిల్లాకి ఇచ్చేస్తామన్నారు. చెంచయ్య ఆఫీసుకి పోయాడు. ఈసారి ఒక మాట చెప్పడానికి కాదు, బతిమాలడానికి.

"అయ్యా, వానలొస్తన్నయ్యి. నన్ను పోనీండి."

విశ్వమూర్తి గారు నొచ్చుకున్నారు. "అదేం మాటయ్యా చెంచయ్యా! గురువారం మంత్రిగారు వస్తున్నారు. నువ్వు వెళ్లిపోతే ఆయన ఎవరిని ప్రారంభిస్తారు?"

"మంత్రిగారు ఊపినాక పోవచ్చా?"

"రాష్ట్ర మంత్రిగారు ఊపాక కేంద్రం వాళ్లు ఊరుకుంటారా?" అన్నారు పార్వతీశం గారు. ఆయన కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నారు.

"మరి బండ్లు?"

"బండ్లు యాత్ర ఫలితం. ప్రారంభం పూర్తి కాకుండా ఫలితం గురించి చర్చించడం పద్ధతి కాదు."

చెంచయ్య దర్జీ కొట్టుకి వచ్చి జరిగింది చెప్పాడు. బుడే సాహెబు మంత్రిగారి జెండాకి గుడ్డ కత్తిరిస్తున్నాడు. కత్తిరించడం ఆపలేదు.

"గురువారం పొద్దున నువ్వు గుడ్లేసుకుని పో బావా."

"గుడ్లా?"

"గుడ్లే. నీ లుంగీ కట్టుకో. నీ చొక్కా వేసుకో. తలగుడ్డ చుట్టుకో."

"ఎవురికీ చెప్పకుండానా?"

"ఇన్నిసార్లు చెప్పి బయలుదేరావుగా? చాల్లేదా నీకు?"

గోవా దాకా తొక్కడం చెంచయ్యకి కష్టమనిపించలేదు. చెప్పకుండా పోవడమే కష్టమనిపించింది.

"కనబడితే ఆపుతారు" అన్నాడు.

"వాళ్లు నిన్నెప్పుడు చూశారు? టోపీని చూశారు. అద్దాలు చూశారు. పో పో. వాళ్ల సంగతి నేను చూసుకుంటా."

గురువారం పొద్దున చెంచయ్య అట్టలు పేర్చి తాడు బిగించాడు. పై అట్టల్లోనే గుడ్లు. కింది అట్టల్లో కొండమ్మ కుట్టిన చద్దిసంచీ, దుప్పటి. టోపీ, అద్దాలు చిలక్కొయ్యకి ఉన్నాయి. కొండమ్మ గుమ్మంలో నిలబడింది. ఈసారి గోవా మాట ఎత్తలేదు. "గుడ్లు జాగర్త" అంది.

బజారులో జనం కిటకిటలాడుతున్నారు. దర్జీ కొట్టు ముందు రెండు జీపులు ఆగి ఉన్నాయి. కమిషనరు విశ్వమూర్తి గారే స్వయంగా వచ్చి అరుగు ముందు నిలబడి ఉన్నారు. బుడే సాహెబు ఒళ్లో పచ్చజెండా పెట్టుకుని సూదితో కుడుతున్నాడు.

"ఇంకా ఎంతసేపయ్యా? మంత్రిగారు అతిథిగృహంలో చెప్పులేసుకున్నారట!"

"అంచు మడుస్తన్నా సార్."

"మిషను ఉంది కదయ్యా?"

"మంత్రిగారి జెండాకి మిషను కుట్టా సార్? మంత్రిగారు చెయ్యెత్తినప్పుడు అంచు ముడత పడిందనుకోండి, ఆ ముడతే రేపు పేపర్లో పడిద్ది. మీరు ఊఁ అనండి, మిషనేసి పారేస్తా. నాదేముంది?"

విశ్వమూర్తి గారు ఊఁ అనలేదు. "కుట్టు, కుట్టు. చేత్తోనే కుట్టు" అన్నారు.

బుడే సాహెబు తలెత్తకుండా దారం చివర నోట్లో పెట్టుకుని తడిపి, సూది బెజ్జం వెతుక్కోసాగాడు. దొరకడం లేదు.

చెంచయ్య సైకిలు దిగి జనంలోంచి నడిపించుకుంటూ పోయాడు. జనం పలచబడ్డాక ఎక్కబోతుంటే ఆర్చి కింద పార్వతీశం గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన మొహాన చెమటలు పడుతున్నాయి.

"ఇటెక్కడికోయ్ గుడ్లేసుకుని? మంత్రిగారి కారు వచ్చే వేళ! ఒక గుడ్డు పగిలిందంటే ఈ రోడ్డంతా కడిగించాలి నేను!"

చెంచయ్య తలగుడ్డ కిందికి లాక్కున్నాడు. "పోతన్నానయ్యా" అన్నాడు.

"పో మరి! తొందరగా పో! అవునూ, ఆ యాత్రికుడు ఎక్కడైనా కనబడ్డాడా? తెల్ల ప్యాంటు, నల్లద్దాలు. ఇంకా రాలేదు వెధవ."

"కనపడలేదయ్యా."

"కనబడితే నేను రమ్మన్నానని చెప్పు" అని పార్వతీశం గారు అట్టలకి చెయ్యి తగలకుండా సీటు పట్టుకుని సైకిలుని ముందుకి ఒక్క తోపు తోశారు.

చెంచయ్య ఆర్చి దాటాడు. మామిడితోట మలుపు తిరిగాడు. అలవాటుగా వెనక్కి చూశాడు. జీపు రావడం లేదు. ఆపమనే కేక లేదు. ముందు ఊళ్లోని కొట్లో గుడ్లన్నీ ఇచ్చేసి, ఖాళీ అట్టలు అక్కడే పడేసి, తేలికైన సైకిలెక్కి పడమటికి తొక్కాడు.

ఆ దారి గురించి చెంచయ్య ఎవరికీ పెద్దగా చెప్పలేదు. కొండలు ఉన్నాయన్నాడు. తర్వాత నల్లరేగడి, తర్వాత అడవి ఉందన్నాడు. సంఘం వాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపెట్టుకుని ఉండి, బండి అతనికి చూపించి లారీ ఆఫీసులో వేశారు. మొదటిదానికి మటుకు హ్యాండిలు తనే తిప్పి చూసి, బెల్లు రెండుసార్లు కొట్టి చూశాడు. ప్రతి ఊరి నుంచీ బుడే సాహెబుకి ఫోను చేసేవాడు.

"నంద్యాల వచ్చా బావా."

"సరే. నువ్వు పొద్దున ఈడ కూడా బయలుదేరావు."

"నేనా?"

"ఆఁ. ఆ రోజు మంత్రిగారు వచ్చి నిలబడ్డాడు, నువ్వు లేవు. పార్వతీశం గారు చూసి చూసి పాపం మీ ఇంటికొచ్చి, చిలక్కొయ్య మీద టోపీ, అద్దాలు తీసుకెళ్లి తనే పెట్టుకుని సైకిలెక్కాడు. మంత్రిగారు జెండా ఊపాడు. ఆర్చి దాకా పొయ్యొచ్చాడు. అప్పట్నించీ రోజూ ఆయనే. నువ్వు మునుపటికంటే బాగా తొక్కుతున్నావంటన్నారు జనం."

కొండల్లో దిగేటప్పుడు వాన పట్టుకుంది. ఆ వానలోనే ఒక సాయంత్రం నీళ్లు అడ్డమొచ్చాయి. చెంచయ్య సైకిలుని ఇసకలో నిలబెట్టి, చక్రం తడిపి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని నాలిక మీద వేసుకున్నాడు. ఫోను చేశాడు.

"ఉప్పే బావా."

"నేననుకుంటానే ఉండా" అన్నాడు బుడే సాహెబు.

తిరిగి రావడం లారీలో వచ్చాడు. ఊరూరా ఆగి బండ్లు ఎక్కించుకుంటూ, వాటి మీద సైకిలు పడేసి, వేమగుంటపాలెం చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఆఫీసు ముందు మేళం మోగుతోంది. వేదిక మీద ఎవరో పెద్దమనిషి జెండా పట్టుకుని నిలబడ్డాడు. కింద తెల్ల ప్యాంటు, నల్లద్దాలతో పార్వతీశం గారు ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద పెట్టి సిద్ధంగా ఉన్నారు. కొంచెం చిక్కారు. మనిషి నిగనిగలాడుతున్నారు.

లారీ వచ్చి మధ్యలో ఆగింది. విశ్వమూర్తి గారు పరుగున వచ్చారు.

"ఏమిటివి? ఎవరు పంపారు?"

"మన బండ్లేనయ్యా. గోవా పొయ్యొచ్చా" అన్నాడు చెంచయ్య, తలగుడ్డ తీసి.

"గోవాకా! ఏ యాత్ర మీద?"

"మన యాత్రేనయ్యా."

"మన యాత్ర ఇంకా ప్రారంభదశలోనే ఉంది కదయ్యా? అదుగో!" అని విశ్వమూర్తి గారు పార్వతీశం గారిని చూపించారు.

పార్వతీశం గారు అద్దాలు తీసి బండ్లని చూశారు, చెంచయ్యని చూశారు. "ఇతను చేసింది ప్రయాణం సార్" అన్నారు. "ప్రారంభం కాని యాత్రకి ఫలితం ముందే వస్తే మనం స్వీకరించడానికి వీల్లేదు. ప్రారంభాలు పూర్తయ్యే వరకు గోడౌన్లో ఉంచి తాళం వేద్దాం."

లారీ డ్రైవరు తల బయట పెట్టాడు. "అయ్యా, తాళాలు తర్వాత ఏసుకోండి. నాకు ఒంగోల్లో లోడుంది" అని క్లీనర్ని కేకేశాడు. వెనక తలుపు పడింది. బండ్లు ఒకటొకటిగా రోడ్డు మీదికి దిగాయి. చెంచయ్య మొదటిదాన్ని చూసి గుర్తుపట్టి పక్కకి లాగాడు. బజారులోంచి గరగరమని బేరింగుల చప్పుడు వచ్చింది.

బండ్లు ఎదురుగా కనబడేసరికి వేదిక మీద పెద్దమనిషికి ఒక ఆలోచన వచ్చింది. "పోనీ ఈ బండ్లను నేను ప్రారంభిస్తానండీ" అన్నాడు. చైర్మన్ గారు ఒప్పుకోలేదు. బండ్లైతే మొదటి హక్కు తనదన్నాడు. విశ్వమూర్తి గారు గొడవ వద్దన్నారు. బండ్లకి వేరే తీర్మానం చేద్దామన్నారు, వేరే జెండాలు కుట్టిద్దామన్నారు. పార్వతీశం గారు బంట్రోతుని పిలిచి, వెంటనే దర్జీ కొట్టుకి పోయి కొత్త జెండా పట్టుకు రమ్మన్నారు.

బంట్రోతు పోయి వచ్చాడు. "కొట్టు మూసుంది సార్. సాయిబు లేడు."

అప్పటికి సాయిబు ఆర్చి దాటాడు.

చెంచయ్య సైకిలేసుకుని వెనకే పోయాడు. బుడే సాహెబు రెండు చేతులా హ్యాండిలు తిప్పుకుంటూ, ఎదురొచ్చిన ప్రతి మనిషికీ, మేకకీ బెల్లు కొట్టుకుంటూ పోతున్నాడు. ఎత్తు దగ్గర బండి నెమ్మదించింది. చెంచయ్య దిగి వెనక చెయ్యి వెయ్యబోయాడు.

"చెయ్యి తియ్యి బావా."

చెంచయ్య చెయ్యి తీశాడు. నాలుగు అడుగులు వెనక నడిచాడు. బండి ఎత్తెక్కింది.

రైలుగేటు పడి ఉంది. లారీలు, ఎడ్లబండ్లు, బళ్లోంచి వచ్చే పిల్లలు. బుడే సాహెబు వాళ్లందరితో పాటు వరసలో ఆగాడు. చెమట తుడుచుకున్నాడు. గేటు మనిషి అతన్ని చూసి గుర్తుపట్టి, ఏదో అనబోయి, రైలు కూత వినపడి, చేతిలో పచ్చజెండా చాపి నిలబడ్డాడు. అది పాతది. అంచు ముడతపడి, మధ్యలో మసి అంటుకుని ఉంది. రైలు ధడధడలాడుతూ వచ్చి, ఆగకుండా వెళ్లిపోయింది. దాని వెనకపెట్టె మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా బుడే సాహెబు చూస్తూనే ఉన్నాడు.

"చూశావా బావా" అన్నాడు. "ఊపితే పొయ్యింది."

గేటు లేచింది. మూడు చక్రాలూ పట్టాల మీద ఎగిరెగిరి అవతల పడ్డాయి.

"నిన్ను తిరిగి తీసుకురాటానికి నేను రావాల్నా?" అని కేకేశాడు చెంచయ్య ఇవతల నుంచి, అలవాటుగా.

బుడే సాహెబు వెనక్కి తిరగలేదు. "అది ఏమంటదో చూసి, కోపమొస్తే నేనే వస్తాలే!" అని బెల్లు కొట్టాడు.